నెలజీతము, అదనపు గంటల కూలి



నేటి ప్రసంగమునకు విషయము చిన్నది. నెలజీతముపై పనిచేయు కార్మికుడు నియమితకాలమునకు మించి పనిచేసినచో, ఆ అదనపు గంటలకు వానికి రావలసిన పైకము ఎంత? దానిని లెక్కకట్టుట యెట్లు? దీనినే కార్ఖానాలలో ఓవర్‌టైము అందురు. పిల్లలు ఓటీ అందురు.

ఇది కార్ఖానాలవారి గొడవ, పల్లెలోనున్న మాకెందుకని మీలో కొందరనుకొనవచ్చును. కాని నేడు కార్ఖానాకు పిల్లవానిని పంపని ఊరేది? పటాన్‌చెరువులోను, విశాఖపట్టణములోను, శ్రీసిటీలోను యంత్రముల యొద్ద నిలుచువారిలో పలువురు మన పల్లెబిడ్డలే. నెల తిరుగగానే జీతపు చీటీని ఫోనులో ఇంటికి పంపుదురు. దానిని చదివి సరియైనదో కాదో చెప్పవలసినవారు ఇంటి పెద్దలు. పొలము కొలతలు, వడ్డీలెక్కలు, కాలువ నీటి వంతులు నోటితో చెప్పగల మీకు ఈ లెక్క కష్టమైనది కాదు. భాగహారము, గుణకారము తెలిసిన చాలును. కాని దేనిని దేనిచే భాగింపవలెనో తెలియవలెను. మోసమైనను, పొరపాటైనను అక్కడనే యున్నది.

నేను ఒక కార్ఖానాలో జీతముల గుమాస్తాగా పెక్కేండ్లు పనిచేసితిని. పనిలో చేరిన క్రొత్తలో నా పై గుమాస్తా నాకొక సూత్రము చెప్పెను: నెలజీతమును 30చే భాగింపుము, వచ్చినదానిని 8చే భాగింపుము, దానిని రెట్టింపు చేయుము. నేనట్లే చేయుచుంటిని. ఎందుకని అడుగలేదు. ఒకనాడు ఒక వృద్ధుడు, మా కార్మికులలో ఒకని తండ్రి, కొడుకు జీతపు చీటీ పట్టుకొని నా బల్లయొద్దకు వచ్చెను. నేను లెక్క చదివి వినిపించితిని. అతడు విని, "బాబూ, ఈ ముప్ఫై ఏమిటి?" అనెను.

"నెలకు ముప్ఫై రోజులు గదా, తాతా" అంటిని.

"ఆదివారాలు మావాడు పనిలోకొస్తాడా?"

"రాడు. సెలవు."

"పనిలోకి రాని రోజుకు పనిగంటలెక్కడివి బాబూ?"

నేను నవ్వి, ఇది ఆఫీసు పద్ధతియని చెప్పి పంపివేసితిని. కాని ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. లేచి కాగితము తీసికొని లెక్కవేసితిని. ముసలాయన పలికినదే న్యాయము. ఆ లెక్కనే మీకు విన్నవించుచున్నాను.

సంవత్సరమునకు 365 దినములు. వారమునకొక సెలవు చొప్పున 52 సెలవులు పోగా మిగులునవి 313. వానిని 12 నెలలకు పంచినచో నెలకు 26 దినములు వచ్చును. ఏడాది మొత్తముమీద ఒక్క దినమే మిగులును. మరియొక విధముగా చూడుడు. వారమునకు 48 గంటల పని. 52 వారములకు 2,496 గంటలు. దీనిని 12చే భాగించినచో 208 గంటలు. 26 దినములను 8 గంటలచే గుణించినను అదే 208. రెండు దారులు ఒకే ఊరికి చేరినవి. కావున వారమునకు ఆరుదినములు, దినమునకు ఎనిమిది గంటలు పనిచేయువాని నెలజీతము 208 గంటల ప్రతిఫలము. ఆ జీతమును 208చే భాగించిన వచ్చునది ఒక గంట వెల. దానికి రెట్టింపు అదనపు గంట వెల.

ఈ 26 అను సంఖ్య నా కల్పనము కాదు. ఉద్యోగము విడుచువానికిచ్చు గ్రాట్యుటీ విషయమున 15 దినముల జీతమెంతయను వివాదము సుప్రీంకోర్టు వరకు పోయెను. నెలజీతమును 30చే గాక 26చే భాగించుటయే సమంజసమని 1980లో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పెను. తరువాత ఆ సూత్రము గ్రాట్యుటీ చట్టములోనే చేరెను. అదనపు గంటల కూలికి చట్టము రెండింతలనియే చెప్పును. అయినను నెలనుండి దినమును రాబట్టు న్యాయము రెండింటికిని ఒకటియే గదా! వారమునకు అయిదు దినములే పని యున్నచోట మాత్రము 208 పనికిరాదు. అచ్చట వారపు గంటలను 52చే గుణించి 12చే భాగింపవలెను. నలువది గంటల వారమైనచో నెలకు ఇంచుమించు 173 గంటలగును.

ఇక రెండింతలు ఎచ్చటినుండి వచ్చినవి? ఇది యజమానుల దయాధర్మము కాదు. మన దేశమున మొదటి కార్ఖానాల చట్టము 1881లో పుట్టినది. అప్పుడు పెద్దవారి పనిగంటలకు హద్దు లేదు. 1922లో వారమునకు 60 గంటలని హద్దు పెట్టిరి. 1934లో ఏడాది పొడుగున నడచు కార్ఖానాలకు అది 54 గంటలైనది. 1946లో, డాక్టర్ అంబేద్కరు గారు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మికశాఖ సభ్యులుగా నున్న కాలమున, 48 గంటలకు దిగినది. 1948 నాటి కార్ఖానాల చట్టము 1949 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చి, దినమునకు 9 గంటలుగాని వారమునకు 48 గంటలుగాని మించిన పనికి రెట్టింపు కూలి ఇయ్యవలెనని శాసించెను. ఆ చట్టము డెబ్బదియేండ్లకు పైగా నడచినది. 2025 నవంబరు 21వ తేదీన దాని స్థానమున క్రొత్త కార్మిక స్మృతులు అమలులోనికి వచ్చినవి. పేరు మారినది గాని రెట్టింపు కూలి యను నియమము మారలేదు. పైగా అదనపు పనికి కార్మికుని సమ్మతి కావలెనని క్రొత్త స్మృతి చెప్పుచున్నది. అదనపు గంటలను దినము లెక్కన చూడవలెనా, వారము లెక్కన చూడవలెనా యనినచో, కార్మికునకు ఏది లాభమో దానినే తీసికొనవలెను. ఒకడు సోమవారము 10 గంటలు పనిచేసి, గురువారము జ్వరముతో రాలేదనుకొనుడు. వారపు మొత్తము 48 దాటలేదు గనుక నీకేమియు రాదనుట చెల్లదు.

ఈ నియమము కార్మికులకే గాని పరిపాలన సాగించు మేనేజర్లకు వర్తింపదు. మీ పిల్లవాడు ఏ తరగతివాడో ముందు తెలిసికొనుడు.

ఇప్పుడొక ఉదాహరణము. ఒక కుర్రవానికి మూలవేతనము 10,400 రూపాయలు. కరువుభత్యము 5,200. ఇంటి అద్దె భత్యము 2,400. రాకపోకల భత్యము 1,000. మొత్తము 19,000. వాడొక నెలలో ఎనిమిది దినములు, దినమునకు రెండు గంటల చొప్పున, 16 గంటలు అదనముగా పనిచేసెను.

మొదట లెక్కకు పునాది యగు జీతమేదో తేల్చవలెను. క్రొత్త స్మృతి ప్రకారము మూలవేతనము, కరువుభత్యము కలిసి జీతము. ఇంటి అద్దె, రాకపోకల ఖర్చు, బోనసు, ఓవర్‌టైము ఇందు చేరవు. కావున 10,400కు 5,200 కలిపిన 15,600 రూపాయలు పునాది. దీనిని 26చే భాగించిన దినమునకు 600. దానిని 8చే భాగించిన గంటకు 75. రెట్టింపు చేసిన 150. పదునారు గంటలకు 2,400 రూపాయలు.

సరియైన లెక్క ఇది. తప్పులెక్కలు ఎట్లుండునో కూడ చూడుడు. నావలె 30చే భాగించినవాడు దినమునకు 520, గంటకు 65, రెట్టింపునకు 130 కట్టి, 2,080 రూపాయలిచ్చును. 320 రూపాయలు పోయినవి. రెట్టింపు మరచినవాడు గంటకు 75 చొప్పున 1,200 మాత్రమే యిచ్చును. సగము పోయినది. మూలవేతనమునే పట్టుకొని, కరువుభత్యమును విడిచి, రెట్టింపును కూడ మరచినవాడు 10,400ను 208చే భాగించి గంటకు 50 చొప్పున 800 రూపాయలిచ్చును. మూడింట రెండువంతులు పోయినవి. ఈ నాలుగు చీటీలమీదను 16 గంటలనియే వ్రాసియుండును. గంటలు సరిగానే యున్నవి గదా యని కుర్రవాడు సంతసించును. ధాన్యము బస్తాలు సరిగా లెక్కించుకొని తూకము చూచుకొనని రైతు వంటివాడు వాడు.

మరియొక యుక్తి గలదు. మూలవేతనము స్వల్పముగా చూపి, తక్కిన దంతయు భత్యముల పేర వ్రాయుదురు. మొత్తము 20,000 ఇచ్చుచు, మూలవేతనము 6,000, అద్దె మొదలగు భత్యములు 14,000 అని వ్రాసిరనుకొనుడు. పునాది 6,000 యగునా? కాదు. లెక్కలో చేరని భత్యములు మొత్తములో సగమును మించినచో, మించినది తిరిగి జీతములోనే కలియవలెనని క్రొత్త స్మృతి నియమము. ఇరువదివేలలో సగము 10,000. భత్యములు 14,000. మించినది 4,000. అది 6,000తో కలిసి పునాది 10,000 అగును. కావున చీటీలో మూలవేతనమను గడి యొకటియే చూచి ఊరకుండరాదు, గడులన్నియు చూడవలెను.

ఇక మీరు చేయింపవలసిన పనులు కొన్ని యున్నవి. పిల్లవానికి చిన్న పుస్తకమొకటి యిచ్చి, ప్రతిదినము లోనికి పోయిన వేళ, వెలుపలికి వచ్చిన వేళ వ్రాసికొమ్మనుడు. పాలు పోసిన ఇల్లాలు గోడమీద గీతలు గీసికొనునట్లు, నాటిపని నాడే వ్రాయవలెను. నెలాఖరున జ్ఞాపకము తెచ్చుకొని వ్రాసినది నిలువదు. జీతపు చీటీ యిచ్చుట యజమాని విధి. దానిని అడిగి తీసికొని దాచవలెను. నెలజీతము మరుసటి నెల 7వ తేదీ దాటకుండ ముట్టవలెను. తక్కువ పడినచో, మొదట గుమాస్తానే మర్యాదగా అడుగవలెను. పలుచోట్ల అది మోసము కాదు, నా వంటివాని అజ్ఞానము. అప్పటికిని సరిపడనిచో కార్మికశాఖ అధికారులయొద్ద అర్జీ పెట్టవచ్చును. క్రొత్త స్మృతి ప్రకారము మూడు సంవత్సరములలోపల అర్జీ పెట్టుకొనవచ్చును. బకాయి చెల్లించితినని ఋజువు చేయు భారము యజమానిపై నుండును.

ఆ వృద్ధుని సంగతి ముగింపవలసి యున్నది. మరునాడు నా లెక్కను పై అధికారికి చూపితిని. ఇన్నేండ్లుగా ఇట్లే జరుగుచున్నదని ఆయన కాగితమును ప్రక్కన పెట్టెను. నేను మరల అడుగుటకు జంకితిని. తిరిగి అడుగునప్పటికి చాలకాలము గడచెను. కడపట లెక్క మారెను, 26 వచ్చెను. కాని అది నాటినుండియే. వెనుకటి బకాయిలు ఇయ్యలేదు. ఆనాటి చట్టము ప్రకారము అర్జీ గడువు ఒక్క సంవత్సరమే. ఆ కుర్రవాడప్పటికే పని మాని వెళ్లిపోయెను. వాని పాత పద్దులు నా చేతివ్రాతలోనే యున్నవి. నెలకు మూడువందలో నాలుగువందలో. ఒక్కొక్క నెలకు చూచిన స్వల్పమే. కాని అవి వాడు పొద్దుగూకిన తరువాత, ఇంటికి పోవలసిన వేళ, యంత్రమునొద్ద నిలిచి సంపాదించినవి.

నేనెరిగిన లెక్కలలో మంచి ప్రశ్న వేసినవాడు ఆ రైతే. అతనికి చట్టము తెలియదు. పనిచేయని దినమును పనిదినములలో కలుపరాదని మాత్రము తెలియును. ఆ పాటి తెలివి మీ అందరికిని గలదు. ఈ నెల చీటీ వచ్చినప్పుడు మూలవేతనమును కరువుభత్యముతో కలిపి, 208చే భాగించి, రెట్టింపు చేసి, గంటలచే గుణించి చూడుడు. అంకెలు కలిసినచో పిల్లవానికి శుభమని చెప్పుడు. కలియనిచో ఆలస్యము చేయక అడుగుమని చెప్పుడు; అడుగుటకు జంకి కాలము పోగొట్టినవాని మాటగా దీనిని గ్రహింపుడు.

సెలవు.