పేజీ తిరుగుతూనే ఉందా? తప్పంతా మీ సిగ్నల్‌దే కాదు.. అసలు కథ ఇదీ!

మలికిపురం: బయట ఈదురుగాలి. కరెంటు లేదు. ఫోన్‌లో ఒకే ఒక్క గీత. తుపాను ఎక్కడిదాకా వచ్చిందో చూద్దామని సైట్ ఓపెన్ చేస్తే.. తెల్లటి స్క్రీన్, మధ్యలో తిరుగుతున్న చక్రం. కోనసీమ తీరంలో ఇది కొత్తేమీ కాదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. వశిష్ఠ గోదావరికి ఇవతలి ఒడ్డున ఉన్నవే సఖినేటిపల్లి, మలికిపురం మండలాలు.

సిగ్నల్ వీకే, నిజమే. కానీ సైట్ బరువు సంగతేంటి?

చిన్న లెక్క చూద్దాం. నెట్ స్పీడ్ 100 కేబీపీఎస్‌కు పడిపోయిందనుకోండి. 2 ఎంబీ పేజీ రావడానికి 160 సెకన్లు, అంటే రెండు నిమిషాల 40 సెకన్లు పడుతుంది. అదే పేజీ 50 కేబీ ఉంటే నాలుగు సెకన్లు చాలు. మీరు చదువుతున్న ఈ వార్తలో అక్షరాల బరువు 12 కేబీ కూడా ఉండదు. మిగతాదంతా ఫొటోలు, యాడ్లు, వెనకాల నడిచే స్క్రిప్టులదే.

తెలుగుకు ఇంకో తిప్పలుంది. ఇంగ్లిష్‌లో ఒక్కో అక్షరానికి ఒక బైట్ పడితే, తెలుగులో అక్షరానికి, గుణింతం గుర్తుకు విడివిడిగా మూడేసి బైట్లు. ‘మలికిపురం’ అని ఇంగ్లిష్‌లో రాస్తే 11 బైట్లు, తెలుగులో 27. అయినా ఒక్క ఫొటో ముందు ఇదెంత? అసలు భారం అందం కోసం సైట్ పంపే ప్రత్యేక ఫాంట్‌ది. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచే కంప్యూటర్‌లో తెలుగు ఫాంట్ ఉంది. ఉన్నదాన్ని వాడుకుంటే ఆ డౌన్‌లోడే అక్కర్లేదు.

ఇక పాత కంప్యూటర్లు. విండోస్ 7 మీద పనిచేసే చివరి క్రోమ్ 109వ వెర్షన్. అది 2023 జనవరిలో వచ్చింది. పేజీ మొత్తాన్ని కొత్త స్క్రిప్టులతోనే కడితే పాత బ్రౌజర్‌కు ఆ భాష అర్థం కాదు, ఖాళీ స్క్రీన్ చూపిస్తుంది. అందుకే మాటలు, ఫారం, బటన్ సర్వర్ నుంచే తయారై రావాలి. స్క్రిప్టు అందితే హంగులు, అందకపోయినా పని ఆగకూడదు.

ఫారం దగ్గరే అసలు ప్రాణసంకటం. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కు ఆఖరి రోజు. కుర్రాడు నెట్ సెంటర్‌లో కూర్చుని నలభై ఆప్షన్లు పెట్టాక సెషన్ టైమవుట్ అయితే? మళ్లీ మొదటి నుంచే! ఒక్కో అడుగూ అక్కడికక్కడే సేవ్ అయ్యేలా కట్టడం పెద్ద విద్యేం కాదు. కట్టేవాళ్ల ఆఫీసులో ఫైబర్ నెట్ ఉంటుంది కాబట్టి ఈ బాధ కనిపించదంతే. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ‘3జీ’ పెట్టి చూస్తే వాళ్లకూ తెలుస్తుంది.

యూట్యూబ్‌లోనూ ఇలాంటిదే జరిగింది. 2009లో క్రిస్ జకరయాస్ అనే ఇంజినీర్ 1.2 ఎంబీ ఉన్న వీడియో పేజీని 98 కేబీకి దించాడు. విచిత్రంగా, సగటు లోడింగ్ టైమ్ తగ్గకపోగా పెరిగింది! ఆరా తీస్తే.. అంతవరకు పేజీ తెరుచుకునేదాకా 20 నిమిషాలు ఆగలేక వదిలేసిన దేశాల జనం, రెండు నిమిషాల్లో వస్తుండటంతో చూడటం మొదలుపెట్టారు. అంతకుముందు వాళ్లు లెక్కలోనే లేరు.

చూసేవాళ్ల చేతిలో ఉన్నది తక్కువే. ఒపెరా మినీ లాంటి బ్రౌజర్ పేజీని తన సర్వర్లలో కుదించి పంపుతుంది. వార్తలకు, వాతావరణానికి పర్లేదు. బ్యాంకు పనులకు మాత్రం వద్దు.