మూలకణ మార్పిడి: పదం, ప్రక్రియ

‘మూలకణ మార్పిడి’ అనగానే రోగికి శస్త్రచికిత్స స్ఫురిస్తుంది. వాస్తవానికి ఇందులో రోగి శరీరంపై కోత ఉండదు. క్యాన్సర్‌ కణాల నిర్మూలనకు ఇచ్చే అధిక మోతాదు కీమోథెరపీ, రేడియేషన్‌లు రక్తకణాలను ఉత్పత్తి చేసే ఎముక మూలుగనూ నాశనం చేస్తాయి. అప్పుడు, రోగి నుండి ముందుగానో, దాత నుండో సేకరించిన మూలకణాలను రక్తం ఎక్కించినట్లే సిర ద్వారా ఎక్కిస్తారు. అవి మూలుగను చేరి, సాధారణంగా 2 నుండి 4 వారాల్లో కొత్త రక్తకణాలను అందించడం ప్రారంభిస్తాయి. అంతవరకు రోగికి ఇన్ఫెక్షన్ల ముప్పు అధికం.

రోగి సొంత మూలకణాలు రక్తోత్పత్తిని పునరుద్ధరిస్తాయి. క్యాన్సర్‌ను అణచేది ముందు జరిగిన చికిత్సే. దాత కణాలు మిగిలిన క్యాన్సర్‌ కణాలపైనా దాడి చేయగలవు. రోగి అవయవాలపైనా తిరగబడవచ్చు. అందుకే దాత ఎంపికలో హెచ్‌.ఎల్‌.ఏ. సరిపోలికను పరిశీలిస్తారు.

కాబట్టి సొంత కణాల విషయంలో ‘మార్పిడి’ కంటే ‘పునఃస్థాపన’ అనే పదమే ప్రక్రియను యథార్థంగా సూచిస్తుంది.