కొలెస్ట్రాల్ పెరిగితే తప్పంతా నెయ్యిదేనా?

అమ్మకి కొలెస్ట్రాల్ 280 అని రిపోర్టు వచ్చిన రోజే మా ఇంట్లో నెయ్యి డబ్బా అటకెక్కింది. ఆవకాయ మీద కూడా నిషేధం. నెలన్నర గడిచినా అంకె పెద్దగా దిగలేదు. చాటుగా తింటోందని నాయనమ్మ అనుమానం! అప్పుడు డాక్టరుగారు థైరాయిడ్ పరీక్ష రాశారు. టీఎస్‌హెచ్ 46 వచ్చింది. మామూలుగా అది 4 దాటకూడదు. గొంతులో ఉండే గ్రంథికీ రక్తంలో కొవ్వుకీ సంబంధం ఏంటని నేను చదవడం మొదలుపెట్టాను.

బాత్రూంలో నీళ్లు నిలిచాయనుకోండి. కుళాయి ఎక్కువ తిప్పి ఉండొచ్చు, లేదా తూము పూడిపోయి ఉండొచ్చు. మనం ఎప్పుడూ కుళాయినే తిడతాం.

మన కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం తిండి నుంచి రాదు, శరీరమే తయారు చేసుకుంటుంది. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్ కణాల్ని కాలేయం తన ఉపరితలం మీదున్న రిసెప్టర్లతో పట్టుకుని లోపలికి లాక్కుంటుంది. తూము అంటే ఇదే. దీన్ని కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. ఆ రిసెప్టర్లు తయారుచేయమని కాలేయ కణాల్లోని జన్యువుకి చెప్పేవాళ్లలో టీ3 అనే థైరాయిడ్ హార్మోన్ ఒకటి. అది తగ్గితే రిసెప్టర్లు తగ్గుతాయి, ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతూ ఉంటుంది.

నాకు బాగా నచ్చిన మెలిక ఏంటంటే, థైరాయిడ్ తగ్గినప్పుడు కొలెస్ట్రాల్ తయారీ కూడా తగ్గుతుంది. అయినా అంకె పెరుగుతుంది! కుళాయి సన్నబడిన దానికంటే తూము ఎక్కువగా పూడిందన్నమాట.

అందుకే కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ మొదలుపెట్టే ముందు టీఎస్‌హెచ్ చూడమంటారు. థైరాయిడ్ లోపాన్ని సరిచేయకుండా స్టాటిన్ వేస్తే కండరాలు దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. చాలామందికి థైరాయిడ్ మాత్రతోనే ఎల్‌డీఎల్ కొన్ని వారాల్లో దిగడం మొదలవుతుంది. అలాగని కొలెస్ట్రాల్ ఉన్న ప్రతివాళ్లకీ థైరాయిడే కారణం కాదు, నెయ్యికి పూర్తి క్లీన్‌చిట్ కూడా లేదు.

మరి థైరాయిడ్ బాగున్నవాళ్లకీ హార్మోన్ ఇచ్చేస్తే? అమెరికాలో అలాంటి మందుని గుండెజబ్బు ఉన్నవాళ్ల మీద ప్రయత్నించారు. మరణాలు పెరగడంతో మధ్యలోనే ఆపేశారు. గుండె కూడా టీ3 మాట వింటుంది మరి. కాకపోతే గుండెలో ఎక్కువగా ఉండేది ఆల్ఫా రకం గ్రాహకం, కాలేయంలో బీటా రకం. ఆ తేడాని వాడుకుని బీటాని మాత్రమే తట్టేలా చేసిన రెస్మెటిరోమ్ అనే మందుకి 2024లో అమెరికాలో అనుమతి దొరికింది. ఇచ్చింది ఫ్యాటీ లివర్ ముదిరినవాళ్ల కోసం. ఎల్‌డీఎల్ కూడా తగ్గిస్తోంది.