నల్లమందు మోజుకు పెన్నేరుగడ్డ పగ్గం వేస్తుందా?

అనంతపురం: రాయలసీమ మెట్ట భూముల్లో పండే ఔషధ పంటల్లో పెన్నేరుగడ్డ ఒకటి. దీనికే అశ్వగంధ అని పేరు. నీరసానికి, నిద్రలేమికి ఆయుర్వేద వైద్యులు తరతరాలుగా వాడుతున్న ఈ వేరుపై శాస్త్రవేత్తలు కొంతకాలంగా మరో కోణంలోనూ పరిశోధనలు సాగిస్తున్నారు. నల్లమందు జాతి మందులపై జంతువులకు కలిగే మోజును ఈ వేరు సారం తగ్గించగలదా అన్నదే వారి ప్రశ్న. ఫలితాలు ఆశలు రేపేవిగానే ఉన్నాయి. అయితే ఎలుకల్లో కనిపించిన ఫలితాన్ని పట్టుకుని, వ్యసనానికి చికిత్స పొందుతున్న మనిషి మాత్రలు మానేసి చూర్ణం మొదలుపెడితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఆ ప్రయోగాల్లో నిజంగా ఏం తేలిందో తెలుసుకోవడం అవసరం.

దేశంలో అశ్వగంధ సాగుకు పేరొందిన ప్రాంతం మధ్యప్రదేశ్‌లోని నీమచ్, మందసౌర్ జిల్లాలు. ప్రభుత్వ లైసెన్సుపై నల్లమందు కోసం గసగసాల మొక్కను సాగు చేసేదీ ఆ జిల్లాల్లోనే కావడం విశేషం. మత్తునిచ్చే పాలు, ఆ మత్తుకు విరుగుడేమోనని పరిశోధకులు పరీక్షిస్తున్న వేరు అక్కడ ఒకే నేలలో పండుతున్నాయి.

మోజును కొలిచేదెలా?

మందు బాగుందో లేదో ఎలుక నోటితో చెప్పలేదు. అందుకే పరిశోధకులు రెండు గదులున్న పెట్టెను వాడతారు. ఒక గది గోడలకు చారలు, నేలకు గరుకుదనం ఉంటే, మరో గదికి తెల్లని గోడలు, నున్నని నేల ఉంటాయి. ఎలుకకు ఒకరోజు మార్ఫిన్ ఇచ్చి మొదటి గదిలో, మరుసటి రోజు ఉప్పునీటి సూది మాత్రమే వేసి రెండో గదిలో ఉంచుతారు. ఇలా కొన్ని రోజులు చేశాక, ఏ మందూ ఇవ్వకుండా రెండు గదుల మధ్య తలుపు తెరుస్తారు. ఎలుక ఏ గదిలో ఎంతసేపు గడిపిందో లెక్కిస్తారు. మార్ఫిన్ అందుకున్న ఎలుకలు సాధారణంగా ఆ మందు దొరికిన గదినే ఎంచుకుంటాయి. మందు కలిగించిన సుఖాన్ని అవి ఆ చోటుతో ముడివేసుకున్నాయని దీని అర్థం. ఏదైనా మూలిక సారం ఇచ్చినప్పుడు ఈ మొగ్గు తగ్గితే, మత్తు ఇచ్చే సుఖంపై ఆ మూలిక ప్రభావం చూపిందని భావిస్తారు.

మార్ఫిన్ పగ్గం వదిలించే తీరు

మెదడు లోతుల్లో సుఖానుభూతికి సంబంధించిన నాడీ మార్గం ఒకటుంది. 1954లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఓల్డ్స్, మిల్నర్ అనే శాస్త్రవేత్తలు ఎలుకలపై చేసిన ప్రయోగాలతో ఇటువంటి మార్గాల ఉనికి వెలుగులోకి వచ్చింది. ఈ మార్గంలోని నాడీకణాలు డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. అవి మితిమీరకుండా పక్కనున్న మరికొన్ని కణాలు గాబా అనే రసాయనంతో అదుపు చేస్తుంటాయి. బండికి ఎద్దుల పగ్గం ఎలాంటిదో డోపమైన్‌కు గాబా అలాంటిది. మార్ఫిన్ నేరుగా ఎద్దులను అదిలించదు, పగ్గం పట్టుకున్న చేతిని నిద్రపుచ్చుతుంది. దాంతో డోపమైన్ ఒక్కసారిగా పెరిగి, మందు తీసుకున్న చోటు, సమయం, తోడున్న మనుషులు సైతం మెదడులో బలంగా నాటుకుపోతాయి.

పెన్నేరుగడ్డ సారంలో గాబాను పోలిన ప్రభావం ఉన్నట్లు ప్రయోగశాలల్లో గుర్తించారు. జారిపోయిన పగ్గాన్ని ఈ వేరు తిరిగి బిగిస్తుందేమోనన్న ఊహకు మూలం ఇదే.

చండీగఢ్ నుంచి ఇటలీ దాకా

చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కులకర్ణి, నినాన్ 1997లో ప్రచురించిన అధ్యయనం ఈ దిశలో తొలి మెట్లలో ఒకటి. చిట్టెలుకలకు మార్ఫిన్‌తో పాటు కిలో శరీర బరువుకు 100 మిల్లీగ్రాముల చొప్పున అశ్వగంధను 9 రోజులు ఇచ్చారు. సాధారణంగా మార్ఫిన్ వాడేకొద్దీ నొప్పి తగ్గించే శక్తి సన్నగిల్లి, మోతాదు చాలకుండా పోతుంది. అశ్వగంధ అందిన చిట్టెలుకల్లో ఈ పరిణామం తగ్గింది. 10వ రోజున మార్ఫిన్ ప్రభావాన్ని హఠాత్తుగా నిలిపివేసే నాలోక్సోన్ ఇచ్చినప్పుడు, మత్తుకు బానిసలైన చిట్టెలుకలు విలవిల్లాడుతూ ఎగిరి దూకడం పరిపాటి. ఆ దూకుళ్లు కూడా తగ్గాయి.

2009లో వెలువడిన మరో అధ్యయనం ఎలుకల మెదడునే సూక్ష్మదర్శినిలో పరిశీలించింది. 14 రోజులు మార్ఫిన్ ఇచ్చి ఆపేసిన ఎలుకల్లో, సుఖానుభూతి మార్గానికి చెందిన ఒక భాగంలో నాడీకణాల కొమ్మలపై ఉండే సన్నని ముళ్లవంటి నిర్మాణాలు తగ్గిపోయాయి. మార్ఫిన్‌తో పాటు అశ్వగంధ సారం అందుకున్న వాటిలో ఆ నష్టం కనిపించలేదు. ఇటలీలోని కాల్యరి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ఇంకో అడుగు ముందుకు వేశారు. ఎలుకల్లో మార్ఫిన్, మద్యం వల్ల పెరిగే డోపమైన్‌ను ముందుగా ఇచ్చిన అశ్వగంధ సారం నిరోధించినట్లు చూపారు. గదుల పెట్టె పరీక్షలో చిట్టెలుకలకు మద్యంపై కలిగే మోజు తగ్గినట్లు 2015లోనే ఒక అధ్యయనం వెలువడింది.

ముందా? తర్వాతా?

ఇక్కడే అసలు మెలిక ఉంది. మార్ఫిన్‌కు సంబంధించిన ఈ ప్రయోగాలన్నింటిలో మూలిక సారాన్ని మార్ఫిన్‌కు ముందో, దానితో పాటుగానో ఇచ్చారు. అంటే అలవాటు ఏర్పడుతున్న దశలోనే అడ్డు తగిలింది. వైద్యుడి వద్దకు వచ్చే వ్యసనపరుడి పరిస్థితి వేరు. అతడికి అలవాటు ఏనాడో ఏర్పడిపోయింది. గండి పడక ముందు కట్ట వేయడానికి, ఊరు మునిగాక నీరు తోడడానికి ఉన్నంత తేడా ఇది. మద్యంపై జరిగిన పరీక్షలో అప్పటికే ఏర్పడిన మోజు బయటపడడం కూడా తగ్గింది. కానీ అది ఆ పరీక్ష సమయంలో కనిపించిన ప్రభావమే. పాత జ్ఞాపకం చెరిగిపోయిందని అనుకోవడానికి ఆ ఒక్క ఫలితం చాలదు.

మోతాదు విషయంలోనూ పొరపాటుకు ఆస్కారముంది. చిట్టెలుక లెక్కను యథాతథంగా తీసుకుంటే 60 కిలోల మనిషికి 6 గ్రాముల సారం కావాలి. కానీ జంతువు చిన్నదైనకొద్దీ శరీరం మందును వేగంగా ఖర్చు చేస్తుంది. అందుకే శాస్త్రవేత్తలు శరీర ఉపరితలాన్ని బట్టి చిట్టెలుక మోతాదును సుమారు 12తో భాగించి మనిషికి అన్వయిస్తారు. అది కూడా పరీక్షలు ఎక్కడ మొదలుపెట్టాలో తెలిపే అంచనా మాత్రమే, వైద్య సలహా కాదు. పైగా 2009, 2019 ప్రయోగాల్లో వాడినది నిర్ణీత ప్రమాణాలతో తయారైన సారం. అంగట్లో దొరికే పొడిలో ఔషధ గుణమున్న పదార్థాలు పంటను బట్టి, నిల్వను బట్టి మారిపోతాయి.

మనుషుల దాకా వచ్చిన మరో మూలిక

మనుషుల్లో పరీక్షకు నోచుకున్న ఉదాహరణ చైనాలో ఉంది. అక్కడ నొప్పులకు వాడే యాన్‌హుసువో అనే దుంప నుంచి తీసిన టెట్రాహైడ్రోపాల్మటైన్ అనే పదార్థం, ఎలుకల్లో నల్లమందు జాతి మందులపై మోజును తగ్గించింది. ఆ తర్వాత 120 మంది హెరాయిన్ బాధితులపై దీనిని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. మూడు నెలల తర్వాత హెరాయిన్ జోలికి పోకుండా ఉన్నవారు మందు అందిన బృందంలో సుమారు 48 శాతం కాగా, ఉత్తుత్తి మాత్రలు తీసుకున్న బృందంలో 15 శాతం మాత్రమే.

అయితే ఇదే పదార్థమున్న జిన్ బు హువాన్ అనే మూలికా మాత్రలు మింగి అమెరికాలో 1993లో చిన్నపిల్లలు విషప్రభావానికి గురయ్యారు. పెద్దల్లో కాలేయ వాపు కేసులు కూడా ఆ రోజుల్లోనే నమోదయ్యాయి. మూలిక అయినంత మాత్రాన హాని ఉండదనుకోవడం సరికాదు. అశ్వగంధ వాడకంతోనూ కాలేయం దెబ్బతిన్న కేసులు ఐస్‌లాండ్, అమెరికాల నుంచి 2020లో వైద్య పత్రికలకెక్కాయి. గర్భిణులు, కాలేయ, థైరాయిడ్ సమస్యలున్నవారు, నిద్రమాత్రలు వాడేవారు వైద్యుడిని అడగకుండా దీన్ని తీసుకోరాదు.

చికిత్స ఆపితే ముప్పు

దేశంలో నల్లమందు జాతి పదార్థాలు వాడుతున్నవారు 2.26 కోట్ల మంది ఉన్నట్లు కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేపట్టి 2019లో విడుదల చేసిన సర్వే అంచనా వేసింది. వీరి చికిత్సలో మేలు చేస్తాయని రుజువైన మందులు ఉన్నాయి. బుప్రెనార్ఫిన్, మెథడోన్ మత్తు మానినప్పటి బాధలను అదుపు చేసి, మళ్లీ వ్యసనంలో పడకుండా కాపాడతాయి. ఇవి ఒక మత్తు స్థానంలో మరో మత్తు అన్న అపోహతో కుటుంబసభ్యులు మధ్యలో మాన్పించడం ప్రమాదకరం. మందు మానిన కొన్ని వారాల్లో శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తిని కోల్పోతుంది. అప్పుడు మనసు లాగి పాత మోతాదే తీసుకుంటే శ్వాస ఆగి మరణం సంభవించవచ్చు.

పెన్నేరుగడ్డపై పరిశోధనలు కొనసాగాల్సిందే. మన నేలలో పండే వేరు రేపు ఒక మందుకు దారి చూపితే రైతుకూ, రోగికీ మేలే. ఆ రోజు వచ్చేవరకు మత్తు మాన్పిస్తామంటూ చూర్ణాలు అమ్మేవారిని అడగవలసిన ప్రశ్న ఒకటే: ఇది ఎలుకల్లో తేలిందా, మనుషుల్లో తేలిందా? చికిత్సలో ఉన్నవారు మూలిక ఏదైనా వాడాలనుకుంటే, ముందుగా తమకు మందులు రాసిన వైద్యుడికి చెప్పాలి. ఎక్కడ చికిత్స పొందాలో తెలియనివారు కేంద్ర ప్రభుత్వ ఉచిత సహాయ నంబరు 14446కు ఫోన్ చేసి సలహా పొందవచ్చు.