ఒక్క డాలరు మాస్టారు

11 జాతీయ టైటిళ్లు. 45 సీజన్లు. ఏడాదికి ఒకే ఒక్క డాలరు జీతం. అమెరికా కాలేజీ బేస్‌బాల్‌కు గెలుపు రుచి చూపించడమే కాదు, తప్పు జరగకముందే దాన్ని పసిగట్టడం నేర్పిన కోచ్ రాడ్ డీడో కథ ఇది.

1973 జూన్. అమెరికాలోని ఒమాహా నగరం, రోజెన్‌బ్లాట్ స్టేడియం. కాలేజీ జట్ల జాతీయ టోర్నీ ‘కాలేజ్ వరల్డ్ సిరీస్’లో ఫైనల్ చేరేదెవరో తేల్చే మ్యాచ్. మిన్నెసోటా 7 పరుగులు చేసింది. లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చిన యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా, అందరూ పిలిచే పేరుతో యూఎస్‌సీ, ఇంకా ఖాతా తెరవలేదు. బేస్‌బాల్‌లో ఒక్కో జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటాయి. ముగ్గురు అవుటైతే ఇన్నింగ్స్ అయిపోయినట్టే. యూఎస్‌సీకి మిగిలింది ఆ చివరి తొమ్మిదోది ఒక్కటే.

బంతి విసురుతున్నవాడు డేవ్ విన్‌ఫీల్డ్. తర్వాతి రోజుల్లో అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్ అయిన మేజర్ లీగ్‌లో మహా బ్యాటర్‌గా పేరు తెచ్చుకున్న ఆజానుబాహుడు. ఆ రోజు బంతిని ఆటలోకి కొట్టనివ్వకుండానే 15 సార్లు బ్యాటర్లను అవుట్ చేశాడు. వీటినే స్ట్రైకవుట్లంటారు. ఎనిమిది ఇన్నింగ్స్‌లో ఇచ్చింది ఒక్క హిట్టే, అంటే బ్యాటర్ బంతిని కొట్టి బేస్ చేరింది ఒక్కసారే. అలాంటి మ్యాచ్‌లో, ఆ ఒక్క ఇన్నింగ్స్‌లో, యూఎస్‌సీ కుర్రాళ్లు 8 పరుగులు చేశారు. 8-7తో గెలిచారు. ఫైనల్లో అరిజోనా స్టేట్‌నూ ఓడించి వరసగా నాలుగో ఏడాది టైటిల్ పట్టుకెళ్లారు. మరుసటి ఏడాది అయిదోది కూడా వాళ్లదే. అమెరికా కాలేజీ బేస్‌బాల్ అగ్రశ్రేణిలో మరే జట్టూ వరసగా మూడు కూడా గెలవలేదు.

ఆ జట్టు వెనకున్న మనిషే రాడ్ డీడో.

రెండే రెండు మ్యాచ్‌లు

డీడో 1914లో న్యూ ఆర్లీన్స్‌లో పుట్టారు. చదువు హాలీవుడ్ హైస్కూల్లో, ఆ తర్వాత యూఎస్‌సీలో. 1935లో డిగ్రీ పూర్తయిన ఏడాదే మేజర్ లీగ్ జట్టు బ్రూక్లిన్ డాడ్జర్స్‌లో చోటు దొరికింది. ఆ జట్టు మేనేజర్, అంటే ప్రధాన కోచ్, కేసీ స్టెంగెల్. తర్వాత న్యూయార్క్ యాంకీస్‌కు ఏడు వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఛాంపియన్‌షిప్) టైటిళ్లు తెచ్చిపెట్టిన మహానుభావుడు ఆయనే.

డీడో ఆడింది రెండే మ్యాచ్‌లు. నాలుగుసార్లు బ్యాట్ పట్టి ఒక్క హిట్ కొట్టారు. ఆ తర్వాత వెన్నుకు గాయమైంది. ఆటగాడిగా ఎదగాలన్న కల అక్కడే ఆగిపోయింది. ఆగనిదల్లా స్టెంగెల్‌తో స్నేహం. ఆట ఆడించడంలో డీడో ఆయన్ని గురువుగానే భావించారు.

బతుకు లారీలది, మనసు మైదానానిది

ఆడే దారి మూసుకుపోయాక డీడో 500 డాలర్లతో రవాణా వ్యాపారం మొదలుపెట్టారు. దాని పేరు డార్ట్. అది పెరిగి పెద్ద కంపెనీ అయింది. ఇల్లు గడవడానికి ఆ వ్యాపారం చాలు. మనసు మాత్రం మైదానం వదల్లేదు.

1942లో యూఎస్‌సీ కోచ్ శామ్ బ్యారీ యుద్ధం కోసం నౌకాదళానికి వెళ్లారు. జట్టు బాధ్యత డీడో చేతికొచ్చింది. యుద్ధం ముగిశాక బ్యారీ తిరిగొచ్చారు. 1950లో ఆయన కన్నుమూసేదాకా ఇద్దరూ కలిసే జట్టును నడిపారు. 1948లో యేల్‌ని ఓడించి తొలి జాతీయ టైటిల్ గెలిచింది ఈ జోడీయే. ఆ యేల్ జట్టు కెప్టెన్ జార్జ్ బుష్. నలభై ఏళ్ల తర్వాత అమెరికా అధ్యక్షుడైన పెద్ద బుష్!

కోచ్‌గా డీడో నామమాత్రంగా తీసుకున్న జీతం ఏడాదికి ఒక డాలరు. పెద్ద లీగ్‌ల నుంచి పిలుపులు వచ్చినా కాలేజీ కుర్రాళ్లను వదిలి కదల్లేదు. 1986లో తప్పుకునేనాటికి ఆయన గెలిచిన మ్యాచ్‌లు 1,332. నాకు ఆ అంకె కన్నా ఆ డాలరే పెద్దదిగా కనిపిస్తుంది. తనకు రెండు మ్యాచ్‌ల్లోనే చేజారిన ఆటను, నాలుగు దశాబ్దాలకు పైగా కుర్రాళ్ల చేతిలో పెడుతూ వచ్చిన మనిషి ఆయన.

చేతులు కాలకముందే

‘చేసిన తప్పు మళ్లీ చేయకు’ అని ప్రతి మాస్టారూ చెబుతారు. డీడో సిద్ధాంతం ఇంకో మెట్టు పైన ఉండేది. అదే తప్పును అసలు ఒక్కసారి కూడా చేయకూడదనేవారాయన.

అదెలా సాధ్యం? చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఫలితం లేదని మనకు తెలుసు. పక్కవాడి చేయి కాలినప్పుడే నువ్వు ఆకులు వెతుక్కో అన్నది డీడో పాఠం. బేస్‌బాల్ మైదానంలో నాలుగు బేస్‌లుంటాయి. ఏ బేస్‌లో ప్రత్యర్థి నిలబడ్డాడు, ఎందరు అవుటయ్యారు, బంతి తన దగ్గరికొస్తే ఎటు విసరాలి అన్న లెక్క బంతి పడకముందే ఫీల్డర్ బుర్రలో తయారుగా ఉండాలి. బంతి చేతికొచ్చాక ఆలోచిస్తే పరుగు పోయినట్టే. క్రికెట్లో ఏ ఎండ్‌కు త్రో వేయాలో తేల్చుకోలేక రనౌట్ పోగొట్టుకున్న సందర్భాలు చూసిన మనకు ఈ మాట విలువ తెలుస్తుంది.

ఈ లెక్కన బెంచీ మీద కూర్చున్నవాడికీ పనుంది. ఎదుటి జట్టు చేసే ప్రతి పొరపాటూ వాడికి ఉచితంగా దొరికిన పాఠమే. బంతి చేజారడం వేరు, బుద్ధి చేజారడం వేరు. మొదటిది ఎవరికైనా జరుగుతుంది. రెండోదాన్ని సాధనతో ఆపొచ్చు.

ఇంత కట్టుదిట్టంగా ఉండే మనిషి నోట్లో ఎప్పుడూ ఆడే పలకరింపు ‘టైగర్’. కొత్తగా చేరిన కుర్రాడైనా, పేరున్న ఆటగాడైనా ఆయనకు టైగరే.

మాస్టారి చేతి చలవ

డీడో శిక్షణలో ఎదిగినవాళ్ల పేర్లు చదివితే అమెరికా బేస్‌బాల్ చరిత్ర చదివినట్టే. మేజర్ లీగ్‌లో 311 విజయాలు సాధించిన టామ్ సీవర్, 303 విజయాలు సాధించిన ఆరడుగుల పదంగుళాల ర్యాండీ జాన్సన్, ఇద్దరూ బంతి విసరడంలో మేటిలై బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కారు. ఫ్రెడ్ లిన్ 1975లో తొలి పూర్తి సీజన్‌లోనే ఉత్తమ కొత్త ఆటగాడిగా, అత్యంత విలువైన ఆటగాడిగా రెండు అవార్డులూ అందుకున్నాడు.

బేస్‌బాల్‌ను ఒలింపిక్స్‌లో ప్రదర్శన క్రీడగా ఆడినప్పుడు 1964 టోక్యోలోనూ, 1984 లాస్ ఏంజెలెస్‌లోనూ అమెరికా జట్టును నడిపింది డీడోనే. లాస్ ఏంజెలెస్‌లో ఫైనల్ జపాన్‌కు పోయింది. రెండో స్థానంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

2006 జనవరిలో, 91 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. యూఎస్‌సీ మైదానానికి 1974లోనే ఆయన పేరు పెట్టారు.

ఆయన పోయిన రెండేళ్లకు ఆయన పాఠం మన కుర్రాళ్లదాకా చేరింది. డీడో దగ్గర ఆడిన బౌలర్... బేస్‌బాల్ భాషలో పిచర్... టామ్ హౌస్ తర్వాత పేరున్న పిచింగ్ కోచ్ అయ్యాడు. 2008లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు కుర్రాళ్లు బంతి విసిరే పోటీలో నెగ్గి అమెరికా వెళ్లారు. ఇద్దరూ జావెలిన్ త్రోయర్లు. బేస్‌బాల్ అంటే ఏమిటో ఎరగరు. వాళ్లకు ఓనమాలు దిద్దించింది హౌస్. దిద్దించిన చోటు యూఎస్‌సీ. ఆ ఏడాది నవంబరులో పిట్స్‌బర్గ్ పైరేట్స్ వాళ్లతో ఒప్పందం చేసుకుంది. ఆ కథే ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ సినిమా అయింది.

సినిమా పేరులో మిలియన్ డాలర్లు. ఆ కుర్రాళ్లకు నేర్పిన గురువుకు, ఒకప్పుడు ఆట నేర్పిన మాస్టారి జీతం మాత్రం ఒక్క డాలరే.