సీ-ఏ-టీ... ‘క్యాట్’ ఎలా అయింది?



ఎల్‌కేజీ, యూకేజీ పిల్లల పేరెంట్ మీటింగుల్లో తరచుగా వినిపించే ప్రశ్న ఒకటుంది. “మేడమ్, ఇంట్లో నాయనమ్మ తెలుగులోనే మాట్లాడుతుంది. ఇక నుంచి ఇంగ్లిషే మాట్లాడమంటారా?” అవసరం లేదండీ. ఇంగ్లిష్ చదవడం మొదలుపెట్టే పిల్లలకు ఇంట్లో వినే తెలుగు ఎంతో సాయం చేస్తుంది.

పేరు వేరు, శబ్దం వేరు

తెలుగులో అక్షరం పేరే దాని శబ్దం. ‘ల’, ‘త’ తెలిస్తే ‘లత’ అని చదివేయొచ్చు. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. సీ, ఏ, టీ అని ఎంత వేగంగా పలికినా ‘క్యాట్’ రాదు. 26 అక్షరాలూ గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా చిన్న పదం దగ్గర ఆగిపోయేది ఇందుకే. అది తెలివితక్కువతనం కాదు, దయచేసి కోప్పడకండి.

దీనికి మన పొల్లు అక్షరాలు పనికొస్తాయి. ‘క్’, ‘ట్’, ‘మ్’ అని పలికితే ఇంగ్లిష్ హల్లుల శబ్దాలకు దగ్గరగా వచ్చినట్టే. ‘క్-యా-ట్’ అని ముందు విడివిడిగా, తర్వాత కలిపి అనిపించండి. బడిలో ఫోనిక్స్ పేరుతో మేం చేయించేది ఇదే.

ఇంట్లో ఆడించే ఆటలు

1. వారానికో శబ్దం: ఈ వారం ‘మ్’ అనుకోండి. మిరపకాయ, మజ్జిగ, మామయ్య, మిల్క్, మ్యాంగో... ఒకరి తర్వాత ఒకరు చెప్పాలి. ఒకే శబ్దానికి తెలుగులో ‘మ’, ఇంగ్లిష్‌లో ‘ఎం’ గుర్తులని పిల్లలకు అర్థమవుతుంది.

2. బియ్యం పళ్ళెం: అక్షరాభ్యాసం నాడు దిద్దించినట్టే వేలితో రాయించండి. రాస్తూ శబ్దం పలకాలి. తప్పు పోతే పళ్ళెం కదిపితే చాలు, చెరిగిపోతుంది.

3. బోర్డుల వేట: బండి మీద వెళ్తున్నప్పుడు బస్సుల మీద, షాపుల మీద ఆ వారం అక్షరాన్ని రెండు భాషల్లోనూ వెతికించండి. పురుగుమందు డబ్బాలు, విత్తనాల ప్యాకెట్లు మాత్రం ఆటకు వద్దు.

4. కథలో చప్పట్లు: కథ వింటూ ఆ వారం శబ్దంతో మొదలయ్యే మాట రాగానే చప్పట్లు కొట్టాలి.

‘బి’, ‘డి’ తారుమారు కావడం, ‘ప’, ‘వ’ కలిసిపోవడం ఈ వయసులో మామూలే. అలాంటి జంటను ఒకే రోజు నేర్పకుండా కొన్ని రోజులు ఎడం ఇవ్వండి.

జాతీయ విద్యా విధానం 2020 కూడా 3 నుంచి 8 ఏళ్ళ వయసును పునాది దశగా చెప్పి, ఆటపాటలతోనే నేర్పమంటోంది.

రోజుకు 10 నిమిషాలు చాలు. మిరప కోతలు, కల్లాల పనులతో మీకు తీరిక లేని రోజుల్లో ఆ 10 నిమిషాలు నాయనమ్మకో తాతయ్యకో అప్పగించండి. వాళ్ళకు ఇంగ్లిష్ రాకపోయినా ఫర్వాలేదు. మాటలోని శబ్దాన్ని విని పట్టుకోవడం ముందు రావాలి. దాన్ని తెలుగులో వాళ్ళు చక్కగా నేర్పగలరు. ఆ శబ్దానికి ఇంగ్లిష్ అక్షరం జోడించే పని మేం చూసుకుంటాం.