పాత పడవ ఇంజను: బాగు చేయించుటయా, కొత్తది కొనుటయా?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు యాంత్రిక, మోటారు పడవలపై వేట నిషేధం అమలులో ఉంటుంది. 2015 నుండి ఈ కాలం 61 రోజులు. వలలు ఒడ్డుకు చేరి, ఇంజన్లు విప్పి షెడ్డులో పెట్టే ఈ రెండు నెలలలోనే మత్స్యకార కుటుంబాలు ఒక పెద్ద ప్రశ్నను ఎదుర్కొంటాయి. ఆరేడు సంవత్సరాలు సముద్రంలో పనిచేసిన ఇంజనును మరొకసారి బాగు చేయించాలా, లేక దానిని వదిలించుకొని కొత్తది తీసుకోవాలా? మెకానిక్కు ఒక మాట చెబుతాడు, డీలరు మరొక మాట చెబుతాడు. ఆ ఖర్చును, దానికై తెచ్చిన అప్పును మోయవలసినది మాత్రం పడవ యజమానియే. కాబట్టి ఈ నిర్ణయానికి ఇతరుల మాటకన్న స్వంత లెక్క ఆధారం కావాలి.

చిన్న పడవలకు ఇంజన్ల అమరిక మన తీరంలో అంత పాత సంగతి కాదు. 1979లో మద్రాసు కేంద్రంగా ప్రారంభమైన బంగాళాఖాత మత్స్య కార్యక్రమం, 1980వ దశకంలో ఇసుక తీరాలలో దిగగల మోటారు పడవల నమూనాలను పరీక్షించింది. తరువాతి కాలంలో కర్ర తెప్పల స్థానంలో ఫైబరు పడవలు వచ్చాయి. తెరచాప, తెడ్డు చేసే పనిని చిన్న డీజిల్ ఇంజను చేపట్టింది. దానితో వేట దూరం పెరిగింది, ఇంధనపు ఖర్చు, మరమ్మతు ఖర్చు కూడా పెరిగాయి.

ముందుగా ఇంజను పరిస్థితి

ఇంజనును విప్పక ముందే అది తన స్థితిని కొంతవరకు తెలియజేస్తుంది. పొగ నీలంగా వస్తే ఆయిలు మండుతున్నదని, సాధారణంగా పిస్టన్ రింగులు, సిలిండరు అరిగాయని అర్థం. పొగ నల్లగా వస్తే ఇంజెక్టరు, గాలి ఫిల్టరు సరిగా లేకపోవచ్చు, లేదా ఇంజను మీద మోయలేని భారం పడుతూ ఉండవచ్చు. ఇవి చాలావరకు స్వల్ప ఖర్చుతో తీరే లోపాలు. ఆయిలు పాలవలె తెల్లబడితే అందులో నీరు చేరిందని గ్రహించి వెంటనే ఇంజను ఆపి చూపించాలి.

విప్పిన తరువాత మెకానిక్కును మూడు ప్రశ్నలు అడగాలి. సిలిండరును ఇప్పటికి ఎన్నిసార్లు బోరింగు చేశారు, ఇంకా పెద్ద సైజు పిస్టను వేయడానికి అవకాశం ఉన్నదా? క్రాంక్ షాఫ్టును మరొకసారి గ్రైండింగు చేయగలరా, లేక హద్దు దాటిందా? బయటి లోహపు గుల్లను ఉప్పు ఎంతవరకు తిన్నది? రింగులు, బేరింగులు, లైనరు మార్చగలిగిన భాగాలు. గుల్ల పగిలినా, బోల్టులు బిగిసే చోట లోహం పొడిగా రాలుతున్నా ఆ ఇంజనుపై పెట్టే సొమ్ము నిలువదు. విడిభాగాలు బజారులో దొరకని పాత నమూనాల విషయం కూడా అంతే.

ఇంధనపు కొలత

మరమ్మతు ఖర్చును అందరూ లెక్కిస్తారు కాని, ఇంధనపు ఖర్చును లెక్కించేవారు తక్కువ. సుమారు 9 హార్స్ పవర్ గల డీజిల్ ఇంజను పూర్తి భారంపై గంటకు దాదాపు 2 లీటర్లు తీసుకుంటుంది. స్వంత ఇంజను ఎంత తీసుకుంటున్నదో తెలుసుకోవడం కష్టం కాదు. ట్యాంకును పూర్తిగా నింపి, మామూలు వేగంతో గంటసేపు నడిపి, మరల నింపడానికి పట్టిన డీజిలును కొలపాత్రతో చూడాలి. నాలుగైదు రోజులు ఇట్లా చేసి సగటు తీయాలి.

రెండు పడవల లెక్క

ఈ క్రింది అంకెలు లెక్క తీరును చూపించడానికి ఊహించినవి మాత్రమే. పాఠకులు తమ అంకెలను వేసి చూసుకోవాలి. మరమ్మతుకు 30,000 రూపాయలు అవుతుందనుకుందాం. కొత్త ఇంజను ధర లక్ష రూపాయలు, పాతదానికి 15,000 వస్తే నికర ఖర్చు 85,000. వడ్డీ 10 శాతం చొప్పున మరమ్మతు అప్పును ఏడాదిలో, కొత్త ఇంజను అప్పును మూడేళ్లలో తీర్చితే, వడ్డీతో కలిపి మొదటిది సుమారు 31,500, రెండవది సుమారు 98,000 అవుతుంది. బాగుచేసిన ఇంజను కొత్తదానికన్న గంటకు 100 మిల్లీలీటర్లు అదనంగా తాగుతుందని, డీజిలు లీటరు 95 రూపాయలని అనుకుందాం.

మొదటి పడవ ఏటా 200 రోజులు, రోజుకు 6 గంటలు నడుస్తుంది. అనగా 1,200 గంటలు. అదనపు ఇంధనం 120 లీటర్లు, విలువ 11,400 రూపాయలు. మరమ్మతు రెండేళ్లు నిలిస్తే ఏడాదికి 15,750. మొత్తం 27,150. కొత్త ఇంజను ఆరేళ్లు పనిచేస్తే ఏడాదికి సుమారు 16,300. ఈ యజమానికి కొత్తదే లాభం.

రెండవ పడవ ఏటా 80 రోజులు, రోజుకు 4 గంటలు మాత్రమే నడుస్తుంది. అదనపు ఇంధనం 32 లీటర్లు, విలువ 3,040. తక్కువ వాడుక వల్ల మరమ్మతు నాలుగేళ్లు నిలిస్తే ఏడాదికి 7,875. మొత్తం 10,915. కొత్త ఇంజను ఎనిమిదేళ్లు వచ్చినా ఏడాదికి 12,250 పడుతుంది. ఇతనికి మరమ్మతే మేలు.

ఇంజను ఒకటే అయినా, ధరలు ఒకటే అయినా, నిర్ణయాలు వేరు. తేడా తెచ్చినది ఏటా నడిచే గంటల సంఖ్య. అందుచేత పొరుగువాని నిర్ణయాన్ని చూసి మనం నిర్ణయించుకోరాదు.

అయితే ఒక సందర్భంలో ఈ లెక్కలన్నీ ప్రక్కన పెట్టాలి. బాగు చేయించిన తరువాత కూడా సముద్రం మధ్యలో మరల మరల ఆగిపోయే ఇంజను ఎంత చవకగా నడిచినా పనికిరాదు. వాయుగుండం వేళ ఒడ్డుకు చేర్చలేని ఇంజను మనుషుల ప్రాణాలకే ముప్పు.

అప్పు ఎక్కడ, ఎంతకాలానికి

2018-19 కేంద్ర బడ్జెట్టులో కిసాన్ క్రెడిట్ కార్డు సదుపాయాన్ని మత్స్యకారులకు విస్తరించారు. డీజిలు, ఐసు, కూలీలు వంటి నడుపుబడి ఖర్చులకు ఇది ఉద్దేశించినది. కొత్త ఇంజను వంటి ఆస్తికి టర్ము లోను తగినది. కార్డు సొమ్మంతా ఇంజనుకు పెడితే వేట మొదలయ్యే నాటికి డీజిలుకు చేతిలో పైకం ఉండదు.

మరమ్మతుకు తెచ్చిన అప్పు ఆ మరమ్మతు నిలిచే కాలం కన్న ముందే తీరిపోవాలి. రెండేళ్లు నిలిచే పనికి మూడేళ్ల వాయిదాలు పెట్టుకుంటే, చివరి ఏడాది ఆగిపోయిన ఇంజనుకు వాయిదా కట్టవలసి వస్తుంది. వాయిదాలు వేట సాగే నెలలలో పడేటట్లు, నిషేధ కాలంలో పడకుండా ఉండేటట్లు దరఖాస్తు సమయంలోనే బ్యాంకు అధికారితో మాట్లాడుకోవాలి. సబ్సిడీ వస్తుందని ఎవరైనా చెబితే, మత్స్యశాఖ నుండి మంజూరు ఉత్తర్వు చేతికి వచ్చేవరకు దానిని లెక్కలో చేర్చరాదు.

చేపల వ్యాపారి ఇచ్చే అడ్వాన్సుకు వడ్డీ లేదని చాలామంది భావిస్తారు. సరుకు ఆయనకే అమ్మాలన్న షరతుపై కిలోకు 10 రూపాయలు తక్కువ ఇచ్చాడనుకుందాం. రోజుకు 20 కిలోల చొప్పున 200 రోజులకు ఆ తగ్గింపు 40,000 రూపాయలు. వడ్డీ అనే పేరు లేకపోయినా, ఆ సొమ్ము మత్స్యకారుడు చెల్లించినదే.

డీలర్లకు ఒక మనవి

పడవ పొడవు, బరువులకు తగిన శక్తి గల ఇంజనునే సూచించండి. అవసరానికి మించిన ఇంజను అదనంగా డీజిలు తాగి, పడవ వెనుక భాగాన్ని వదులు చేస్తుంది. పాత ఇంజనుకు ఇచ్చే ధరను కొటేషనులో విడిగా వ్రాసి ఇవ్వండి. మరమ్మతు చేసినపుడు తీసివేసిన భాగాలను యజమానికి చూపించి, వేసిన పిస్టను, బేరింగుల సైజులను బిల్లుపై నమోదు చేయండి. మరుసటి మరమ్మతుకు ఆ బిల్లే ఆధారం. వాయిదా సకాలంలో కట్టగలిగిన కొనుగోలుదారు మరల మీ దుకాణానికే వస్తాడు.

కొత్త ఇంజను అమర్చుకున్నవారు పడవ రిజిస్ట్రేషను, బీమా పత్రాలలో ఇంజను నంబరును మార్పించుకోవాలి. మరమ్మతు ఎంచుకున్నవారు వేట నుండి రాగానే ఉప్పు పేరుకున్న భాగాలను మంచినీటితో కడిగి తుడవాలి, ఆయిలును గంటల లెక్క ప్రకారం మార్చాలి. ఎవరైనా సరే, జూన్ 15న వేట మొదలైన నాటి నుండి నడిచిన గంటలు, పోసిన డీజిలు, పెట్టిన ఖర్చు ఒక నోటు పుస్తకంలో వ్రాసుకోవాలి. వచ్చే నిషేధ కాలంలో మెకానిక్కు వద్దకు, డీలరు వద్దకు, బ్యాంకుకు వెళ్లేటపుడు ఆ పుస్తకాన్ని వెంట తీసుకువెళ్లాలి.